రాగి బాణలి కోట దాటకూడదు

మా ఊరివాళ్ళు జీవితంలో రెండుసార్లే కోటకి వస్తారు. బళ్ళో చదివేటప్పుడు టీచరు తీసుకొస్తే ఒకసారి, పొరుగూరి చుట్టాలు దిగిన రోజున వాన పట్టుకుంటే ఇంకోసారి. అందుకే ఆ ఆగస్టు బుధవారం పొద్దున్న తలుపులు తీయగానే కింది వీధి మోరిసెట్ అత్త, చేతిలో ఖాళీ బుట్టతో, టిక్కెట్టు కొనుక్కుని మరీ లోపలికి రావడం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వెంట చుట్టాలెవరూ లేరు. బయట ఎండ మండిపోతోంది.

నా పేరు ఫెర్నాన్. సెర్నవిల్ కోట మ్యూజియంలో వంటశాల కాపలా నాది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పై అంతస్తులో డ్యూకుల సామాను ఉంటుంది: కత్తులు, కవచాలు, ఎవరో డచెస్ గారి పెట్టుడు పళ్ళు. కింద మా సామాను ఉంటుంది: వెన్న చిలికే కవ్వాలు, చెక్క జోళ్ళు, పంది కొవ్వు దాచుకునే జాడీలు. వచ్చినవాళ్ళంతా పైకే పోతారు. మరుగుదొడ్డికి దారి మా వంటశాలలోంచే గనక కిందికి దిగుతారు.

మోరిసెట్ అత్త కవ్వాల వంక చూడలేదు. తిన్నగా పెద్ద పొయ్యి దగ్గరికి నడిచి, గోడకి వేలాడుతున్న రాగి బాణలి ముందు ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని దాని కింద చీటీ చదివింది.

"రాగి బాణలి. పళ్ళ జామ్ కాచుటకు. పందొమ్మిదవ శతాబ్దం. వాడినవారి వివరములు తెలియవు."

రెండోసారి కూడా చదివి నా వైపు తిరిగింది.

"ఒరేయ్ ఫెర్నాన్, తెలియవేమిట్రా? నేను కదట్రా వాడింది! మా అమ్మ వాడింది, మా అమ్మమ్మ వాడింది. ఆ జామ్ తిని కదరా నువ్వు ఇంత లావయ్యావు?"

"చీటీలు నేను రాయను అత్తా."

"సరే, దింపు. ఆదివారం తిరిగి తెచ్చిచ్చేస్తాను."

సంగతేమిటంటే, ఆ ఏడు ఆవిడ పెరట్లో మిరబెల్ చెట్టు ఎన్నడూ లేనంత కాపు కాసింది. గోలీలంత పసుపుపచ్చ పళ్ళు, ఒక కొమ్మ ఆ బరువుకే విరిగి పడింది. జామ్ కాద్దామంటే ఉన్న స్టీలు గిన్నె మాడి అడుగు లేచిపోయింది. "అయినా ఆ గిన్నెలో పాతికేళ్ళుగా కాస్తున్నా ఒక్కసారీ సరిగ్గా కుదరలేదురా. డెబ్బయి నాలుగు నిండాయి నాకు. ఒక్క ఏడైనా తినదగ్గ జామ్ తిని పోనీ" అంది.

పాతికేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయిన నెల్లో చెల్లెలు అర్లెట్ ఆ బాణలిని, మాటమాత్రంగానైనా అడక్కుండా, తెచ్చి మ్యూజియానికి ఇచ్చేసింది. ఆనాటి నుంచీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు. రొట్టెల కొట్టుకి ఒకరు ఎనిమిదింటికి వెళ్తే ఇంకొకరు తొమ్మిదింటికి వెళ్తారు. ఎనిమిదిన్నరకి వెళ్ళినవాళ్ళని ఇద్దరూ అనుమానంగా చూస్తారు.

నేను క్యూరేటర్ గారిని పిలుచుకొచ్చాను. వోక్లాన్ గారు కుర్రాడు, రాజధాని నుంచి వచ్చినవాడు. కోపం రాదు, గొంతు లేవదు. కుర్చీకి తగిలినా క్షమించమంటాడు.

"అమ్మా, ఒకసారి రిజిస్టర్లోకి ఎక్కిన వస్తువు జాతి సొత్తు. గడప దాటడానికి లేదు" అన్నాడు.

"పోనీ, రెండ్రోజులు చాలు."

"రెండు గంటలు కూడా కుదరదండీ. గడప దాటించాలంటే కమిటీ కూర్చోవాలి, ప్రత్యేకమైన పెట్టె చేయించాలి, పెట్టెలో వేడీ తేమా కొలిచే యంత్రం ఉండాలి."

"బాణలికా?"

"బాణలికే."

మోరిసెట్ అత్త కళ్ళజోడు తీసి బుట్టలో వేసుకుంది. "సరే. దాటకూడదు. మరి వాడకూడదని ఎక్కడైనా రాసుందా బాబూ?"

మ్యూజియం గుమ్మంలో వోక్లాన్ గారే నిలువెత్తు బోర్డు పెట్టించి ఉన్నాడు: 'ఇక్కడ వస్తువులు చచ్చిపోలేదు, బతికే ఉన్నాయి' అని. ఆవిడ ఆ బోర్డు వైపు వేలు చూపించలేదు గాని, అటే చూస్తూ నిలబడింది.

"దరఖాస్తు పెట్టుకోండి. కమిటీకి పంపిస్తాను" అన్నాడాయన చివరికి. మా ప్రాంతపు కమిటీ సంగతి నాకు తెలుసు. పైకప్పు కారుతోందని రాస్తే రెండేళ్ళకి, ఏ గదిలో అని అడుగుతూ జవాబు వస్తుంది. అత్త అక్కడే పిండి కలిపే తొట్టి మీద కాగితం పెట్టి దరఖాస్తు రాసిచ్చి వెళ్ళిపోయింది.

మూడో రోజున జవాబు వచ్చింది.

అదెలాగో ఇప్పటికీ నాకు తెలియదు. 'అంతరించిపోతున్న వంట విద్యల సంవత్సరం' అని వాళ్ళేదో ప్రకటించుకున్నారట. ఏడు నెలలు గడిచినా ఒక్క విద్యా దొరకలేదట. అనుమతి పదకొండు పేజీలుంది. పొయ్యి వెలిగించవచ్చు. బాణలిని తెల్లని నూలు చేతితొడుగులు లేకుండా తాకరాదు. హాల్లో వేడి ఇరవై రెండు డిగ్రీలు, తేమ యాభై శాతం దాటరాదు. ఆఖరి పేజీలో ఒక ముక్క: బాణలిని దానమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా సమ్మతి తెలపాలి.

"అంటే ఆవిడ చేత సంతకం పెట్టించాలా? పళ్ళు కుళ్ళిపోనీ!" అని మోరిసెట్ అత్త విసురుగా తలుపేసుకుంది. ఒక్క నిమిషంలో మళ్ళీ తీసింది. "నువ్వెళ్ళి అడుగు. నేను అడగమన్నానని చెప్పకు."

నేను వీధి దాటి అవతలి తలుపు తట్టాను. అర్లెట్ అక్కకన్నా మూడేళ్ళు చిన్నది. పోస్టాఫీసులో చేసి రిటైరైంది, నిటారుగా ఉంటుంది. తలుపు సందులోంచే అంది: "ఆవిడ అడగమందా?"

"లేదండీ."

"అడగమందని నాకు తెలుసు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పెడతాను సంతకం. కానీ ఇచ్చినదాన్ని నేను, కాచేటప్పుడు దగ్గరుండి చూస్తాను. ఆవిడ చక్కెర ఎక్కువ పోస్తుంది."

మరుసటి బుధవారం మొదలుపెట్టాం. గింజలు తీసిన పళ్ళు నాలుగు బకెట్లు. ఆ పొయ్యిలో మంట వెలిగి నూట ముప్ఫై ఏళ్ళయిందట. పొగగొట్టంలో కాకులు ఎన్ని తరాలుగా గూళ్ళు కట్టుకున్నాయో ఎవరూ చూసిన పాపాన పోలేదు. నేను పుల్ల గీసి అంటించాను. పొగ పైకి కాస్త వెళ్ళి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చింది. తర్వాత ఇంకో దారి చూసుకుని డ్యూకు గారి పడకగదిలో తేలింది. అగ్నిప్రమాదం గంటలు మోగాయి.

మా ఊరి అగ్నిమాపక దళమంటే అందరూ ఊరివాళ్ళే. కసాయి కొట్టు ఎద్మోన్ దానికి నాయకుడు. ఫైరింజన్ వేసుకుని ఏడు నిమిషాల్లో వచ్చారు. ఎద్మోన్ గొట్టం పట్టుకుని వంటశాలలోకి దూకి, "ఎక్కడ మంట?" అని అరిచాడు.

"పొయ్యిలో" అంది మోరిసెట్ అత్త. "ఆ గొట్టం నా పళ్ళ మీదికి తిప్పావో, ఈ గరిటెతో కొడతాను."

ఎద్మోన్ గాలి పీల్చి చూశాడు. గొట్టం కింద పెట్టాడు. నిచ్చెన వేయించి గూళ్ళు తీయించాడు. మంట అదుపులో ఉందో లేదో చూడాలి గనక ఇంకో గంట ఉంటామని చెప్పి, ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

పాకం ఉడకడం మొదలైంది. వోక్లాన్ గారు ఒక చేత్తో వేడిని కొలిచే యంత్రం, ఇంకో చేత్తో తేమను కొలిచే యంత్రం పట్టుకుని హాలంతా తిరుగుతున్నాడు. తేమ ముల్లు చివరికంటా పోయి అక్కడే ఆగిపోయింది. ఆయన దాన్ని వేలితో తట్టాడు. అది కదల్లేదు. "క్షమించండి" అన్నాడు దానితో. బాణాలు వేసే సన్నని కిటికీల్లోంచి కందిరీగలు వరసగా లోపలికి రాసాగాయి. నాలుగొందల ఏళ్ళలో శత్రువులెవరూ దూరలేని దారి అది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ తెల్లని తొడుగులేసుకుని బాణలికి చెరోపక్కా నిలబడ్డారు. మధ్యలో నేను.

"ఫెర్నాన్, నురుగు తియ్యమని ఆవిడకి చెప్పు."

"ఆవిడ నురుగు తియ్యమంటున్నారు అత్తా."

"నాకు చెవులున్నాయని చెప్పు. డెబ్బయి నాలుగేళ్ళుగా నురుగు తీస్తున్నానని కూడా చెప్పు."

"చక్కెర ఎంత పోసిందో అడుగు."

"మా అమ్మ పోసినంతే పోశానని చెప్పు."

"అమ్మ అంత పోసేది కాదని చెప్పు."

అప్పుడే టూరిస్టు బస్సు దిగింది. జర్మనీ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు నలభై మంది. మరుగుదొడ్డి వెతుక్కుంటూ కిందికి వచ్చి, పొయ్యి చూసి, ఫైర్ వాళ్ళని చూసి, చప్పట్లు కొట్టారు. ఇదంతా టిక్కెట్టులో భాగమనుకున్నారు. ఒకావిడ అర్లెట్ దగ్గరికి వచ్చి పరీక్షగా చూసింది. అర్లెట్ కదల్లేదు, పాకం మీద కన్నేసి ఉంది. ఆవిడ మైనపు బొమ్మో మనిషో తేల్చుకోవడానికి అర్లెట్ చెంప మీద వేలు పెట్టి నొక్కింది.

"ఏయ్!" అంది మోరిసెట్ అత్త, గరిటె ఎత్తి. "మా చెల్లి మీద చెయ్యేస్తావేం?"

పాతికేళ్ళలో 'ఆవిడ' కాకుండా ఇంకో మాట ఆ నోట రావడం అదే మొదలు. జర్మనావిడ బెదిరి వెనక్కి వెళ్ళింది. గరిటె నుంచి కారిన జామ్ మాత్రం వేలికి అంటించుకుని నాకింది. బాగుందని తలూపింది.

అర్లెట్ కాసేపటికి, నా వైపు చూడకుండా, నేరుగా బాణలితోనే అన్నట్టు అంది: "అమ్మ పోయేముందు నాతో చెప్పింది, బాణలి నాదేనని. నేను తీసుకుంటే నువ్వు మొహం చూడవు. నీకిస్తే అమ్మ మాట పోతుంది. అందుకని ఎవరికీ కాకుండా ఇక్కడికి తెచ్చాను."

మోరిసెట్ అత్త కలపడం ఆపేసింది. "నీతో చెప్పిందా? నాతో చెప్పిందే! బాణలి నీదేనే మోరిసెట్ అంది."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"నాతో గురువారం."

"గురువారానికి ఆవిడకి తెలివేది? డాక్టర్ని పట్టుకుని బిషప్ గారూ అని పిలిచింది."

"మంగళవారం మాత్రం ఉందా? నిన్ను చూసి పాలమనిషి అనుకుంది!"

ఇన్నేళ్ళూ మింగి కూర్చున్న సంగతి ఒకటి నా దగ్గరా ఉంది. "అత్తా..." అన్నాను. "శుక్రవారం రొట్టె ఇవ్వడానికి నేను వెళ్ళాను. అప్పుడు నాతో కూడా అంది."

"ఏమని?"

"బాణలి నీదేరా ఫెర్నాన్ అని."

ఇద్దరూ నా వంక ఎలా చూశారంటే, కందిరీగలు కూడా కాస్త పక్కకి జరిగాయి. అప్పుడు బల్ల దగ్గర నుంచి ఎద్మోన్ గొంతు సవరించుకున్నాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను శనివారం వెళ్ళాను. ఎముకలు తీసుకెళ్ళి ఇచ్చాను, సూపు కోసం" అన్నాడు.

"నీక్కూడానా?"

"నాకు బాణలీ, మూతా రెండూ ఇస్తానంది."

"దానికి మూత లేదు కదరా!" అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి.

ముందు నవ్వింది అర్లెట్. ఏడుస్తోందేమో అనుకున్నాను, భుజాలు కదులుతున్నాయి. మోరిసెట్ అత్త తొడుగులు విప్పి పారేసి, గరిటె ఎత్తినప్పుడు చెల్లెలి చెంప మీద చిందిన జామ్ బొటనవేలితో తుడిచింది. "ముసలిది ఎంత పని చేసింది చూశావా" అంది. "పాతికేళ్ళే!"

"మాడుతోంది, కలుపు" అంది అర్లెట్.

నేనొక మాట అప్పుడే చెప్పేయొచ్చు, చెప్పలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం, టిక్కెట్టు లేని రోజున, అర్లెట్ వచ్చి ఆ బాణలి ముందు నిలబడేది. నేను అటు తిరిగితే జేబురుమాలుతో తుడిచేది. నేను అటు తిరిగేవాణ్ణి. ఆ బాణలి ఏళ్ళ తరబడి తనంతట తానే మెరుస్తోందనీ, ఈ కోట గోడల తేమలో ఏదో విశేషముందనీ వోక్లాన్ గారు ఒక పెద్ద పత్రికలో వ్యాసం రాసి ఉన్నాడు. అది పాడుచేయడం నాకిష్టం లేకపోయింది.

చల్లని పళ్ళెం మీద వేసిన చుక్క జారకుండా నిలబడింది, పాకం కుదిరింది. ముప్ఫై ఒక్క సీసాలు నిండాయి. అత్త వాటిని బుట్టలో సర్దుతుంటే వోక్లాన్ గారు ముందుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఎలా చెప్పాలో తెలియడం లేదు. రాగిలో పుల్లని పళ్ళు ఉడికితే అణువంతైనా రాగి జామ్‌లోకి దిగుతుంది. అంటే ఆ జామ్‌లో జాతి సొత్తు ఉంది. నేను కమిటీకి ఫోన్ చేసి అడిగాను. సీసాలు గడప దాటకూడదన్నారు."

"అడక్కపోతే నీ సొమ్మేం పోయింది?" అని ఎద్మోన్ అన్నాడు. అప్పటికి ఫైర్ వాళ్ళు ఆరుగురూ కలిసి అడుగున మిగిలింది రొట్టెతో తుడిచి తినేశారు. వోక్లాన్ గారు వాళ్ళ పొట్టల వైపు దిగులుగా చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

"చెట్టు నాది!" అంది మోరిసెట్ అత్త.

"దగ్గరుండి కాయించింది నేను" అంది అర్లెట్. "చూశావా అక్కా, వీళ్ళ దబాయింపు!"

"చూస్తున్నానే."

ఆ సాయంత్రానికి ముప్ఫై ఒక్క సీసాల మీదా నంబర్లు పడ్డాయి. పందికొవ్వు జాడీల పక్క అలమరలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు పదింటికి ఇద్దరూ కలిసి వచ్చారు. అర్లెట్ చేతిలో ఆ పదకొండు పేజీల అనుమతి ఉంది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసినావిడ, కాగితం చదవడం తెలుసు. వోక్లాన్ గారి బల్ల మీద పరిచి ఒక గీత మీద వేలు పెట్టింది. "'విద్య సంపూర్ణమయ్యే వరకు ప్రదర్శన కొనసాగవచ్చును' అన్నారు. జామ్ చేసే విద్య ఎప్పుడు సంపూర్ణమవుతుంది బాబూ?"

"సీసాలో పోశాక..."

"సీసాలో చూసుకోడానికి కాస్తామా? తిన్నాక."

వోక్లాన్ గారు ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. తర్వాత, ఆయన గురించి నేను మంచిమాట చెప్పాలి, అలమర తాళం చెవి ఆయనే అడిగి తీసుకుని ఒకటో నంబరు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు నుంచీ ప్రతి ఉదయం పదింటికి అక్కాచెల్లెళ్ళు రొట్టె, వెన్న పట్టుకుని కోట ఎక్కేవారు. డ్యూకుల కాలం నాటి బల్ల దగ్గర కూర్చుని తినేవారు. గుమ్మంలో కొత్త బోర్డు పడింది: 'పది గంటలకు: జామ్ భక్షణ, ప్రాచీన పద్ధతి'. చూడ్డానికి జనం వచ్చేవారు. కొందరు వాళ్ళు రొట్టె నమలడాన్ని నోట్సు కూడా రాసుకునేవారు. డచెస్ గారి పళ్ళని అడిగేవాళ్ళు లేకపోయారు. వోక్లాన్ గారు మొదటి వారం నిలబడి చూశాడు. రెండో వారం కాఫీ తెచ్చాడు. మూడో వారం వాళ్ళ రొట్టెకి ఆయన వెన్న రాయబోతే ఆ పద్ధతి తప్పని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏకగ్రీవంగా తేల్చి, చేతిలోంచి కత్తి లాక్కున్నారు. సీసా ఖాళీ అయినప్పుడల్లా ఆయన రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా 'వాడకం వల్ల క్షీణించినది' అని రాసి సంతకం పెట్టేవాడు.

అక్టోబరులో రాజధాని నుంచి తనిఖీ అధికారి దిగింది, బూడిదరంగు కోటు, చేతిలో తోలు సంచీ. పది నంబర్లు క్షీణించాయేమని అడిగింది. మోరిసెట్ అత్త ఆవిడని కూర్చోబెట్టి పదకొండో నంబరు రాసిన రొట్టె చేతిలో పెట్టింది. "మీరూ క్షీణింపజేయండమ్మా, కంటితో చూస్తే తెలియదు." అధికారి రెండు ముక్కలు తిని, చక్కెర కాస్త ఎక్కువైందేమో అంది. అర్లెట్ లేచి నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ తర్వాత మూడు రోజులు మోరిసెట్ అత్త మూతి బిగించుకునే తింది గాని, రావడం మాత్రం మానలేదు.

నవంబరు నుంచి మార్చి దాకా మ్యూజియం మూసేస్తారు. మూసినా ప్రదర్శన ఆగరాదని అనుమతిలో ఉందని అర్లెట్ చూపించింది. వంటశాలలో చలి ఎముకలు కొరికేది. టోపీలు, కోట్లు, రెండేసి మేజోళ్ళు వేసుకుని నలుగురం పొయ్యి ముందు కూర్చునేవాళ్ళం. చూసేవాళ్ళు లేరు గనక వోక్లాన్ గారూ నేనూ కూడా తినేవాళ్ళం. ఆయనకి పెళ్ళి ఎందుకు కాలేదో అక్కాచెల్లెళ్ళు రోజూ విచారణ జరిపేవారు. ఆయన ఓపిగ్గా జవాబు చెప్పేవాడు.

ఫిబ్రవరి మధ్యలో ముప్ఫై ఒకటో నంబరు అయిపోయింది. అర్లెట్ సీసాలో చెంచా తిప్పి, వేలు పెట్టి, ఇక లేదంది. వోక్లాన్ గారు రిజిస్టర్లో ఆఖరి సంతకం పెట్టి, కలం మూత పెట్టాడు. విద్య సంపూర్ణమైంది. నేను పొయ్యిలో నిప్పు ఆర్పాను.

కొండ దిగే దారి గడ్డకట్టి జారుతోంది. అక్కాచెల్లెళ్ళని కింది వీధి దాకా దింపడానికి నేనూ వెనకే నడిచాను. మోరిసెట్ అత్త చెల్లెలి కోటు చెయ్యి పట్టుకుని అడుగు చూసుకుంటూ దిగుతోంది. అలా వంతెన దాకా వచ్చాం.

"రేపు పదింటికి ఏం చేస్తావే?" అంది అత్త.

"ఏముంది, ఇంట్లో కాఫీ తాగుతాను."

"నేనూ వస్తానులే."

"నా కాఫీ బాగోదు అక్కా."

"తెలుసు" అంది మోరిసెట్ అత్త. "పాతికేళ్ళుగా కిటికీలోంచి వాసన పీలుస్తూనే ఉన్నాగా."